దుకాణం బంద్ చేస్తే తప్పా, అన్నా?

ప్రశ్న: అన్నా, ఆరేండ్ల కింద డిగ్రీలో ఉన్నప్పుడు డీటీపీల వాడే అను ఫాంట్లల కొట్టిన తెలుగును, ఫోన్ల, నెట్‌ల చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాం పైథాన్‌లో రాసిన. ఎవరైనా ఫ్రీగ వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్స్ పెట్టి, కోడ్ పంచుకునే గిట్‌హబ్‌లో, పైథాన్ ప్రోగ్రాంలు దించుకునే పైపీఐలో ఉంచిన. నల్లగొండ డీటీపీ దుకాణాలోళ్లు, పెండ్లి పత్రికలు కొట్టేటోళ్లు వాడుతున్నరు. ఇప్పుడు నాకు హైదరాబాద్‌లో నౌకరి, ఇంట్లో ఎనిమిది నెలల పాప. రాత్రి పదకొండుకు ఫోన్ తీస్తే “బ్రో, మార్చిన ఫైల్‌లో ‘పైసలు’ అని వెతికితే దొరకట్లేదు”, “ఇంకెన్ని రోజులు?” అని మెసేజ్‌లు. 43 ఇష్యూలు (జనం రాసిన ఫిర్యాదులు) తెరిచే ఉన్నయి. ముఖం కూడ చూడని ఒకాయన “హక్కులు నాకియ్యి, నేను చూస్కుంట” అని నెల నుంచి వెంటపడుతున్నడు. మొత్తం డిలీట్ కొట్టి పండుకోవాలనిపిస్తున్నది. తప్పా?
– పేరు వద్దు, దేవరకొండ

జవాబు: బంద్ చేసుడు తప్పు కాదు తమ్మీ. ఎంఐటీ లైసెన్స్‌లో పెద్దక్షరాలతో ఉన్న ముచ్చటే అది: ఉన్నది ఉన్నట్టు ఇస్తున్న, ఏ హామీ లేదు అని. ఆరేండ్లు ఫుకట్‌గ చేసినవు. ఎవరికీ బాకీ లేవు.

డిలీట్ మాత్రం కొట్టకు. నేను కొట్టి చూసిన.

మిర్యాలగూడ రైస్‌మిల్లుల కోసం నేనొక ప్రోగ్రాం రాసిన. వేబ్రిడ్జి మీద లారీ నిండు బరువు, ఖాళీ బరువు, తరుగు పోను నికరం, చీటీ ప్రింటు. అంతే దాని పని. ఒకడెవడో “ఫ్రీది గిట్లనే ఏడుస్తది” అని రాసిండు. ఆ రాత్రి కోపానికి రెపో (కోడ్ ఉంచిన చోటు) మొత్తం తీసేసిన. మూడో నాడు తెల్లారక ముందే ఒక మిల్లు గుమాస్తా ఫోన్. కంప్యూటర్ ఫార్మాట్ కొట్టిచ్చిండ్రట, మళ్ల ఎక్కిద్దామంటే దొరుకుతలేదట, వడ్ల లారీలు రోడ్డు దాక నిలబడ్డయట. తిట్టినోడు ఒకడు, తిప్పలు పడ్డోడు ఇంకొకడు. పాత లాప్‌టాప్ అంతా గాలించి, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకొని బండి మీద పోయిన. గుమాస్తా ఒక్క మాట అనలే, చాయ్ తాగించిండు. తిడితేనే నయముండే.

ఇదే పని 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే చిన్న ప్రోగ్రాం రాసినాయన చేసిండు. పట్టుమని 11 లైన్ల జావాస్క్రిప్ట్. కంపెనీతో లొల్లి అయి జావాస్క్రిప్ట్ కోడ్ పంచుకునే ఎన్‌పీఎం నుంచి తీసేస్తే, దాని మీద ఆధారపడ్డ ఎన్నో ప్రాజెక్టులు బిల్డ్ కాకుండ ఆగిపోయినయి. ఆఖరికి ఎన్‌పీఎం వాళ్లే దాన్ని మళ్ల తెచ్చి పెట్టిండ్రు. ఇంకోటి, పైపీఐలో ప్రాజెక్టు డిలీట్ చేస్తే ఆ పేరు ఖాళీ అయితది, ఎవడైనా తీసుకోవచ్చు. రేపు ఇంకెవడో అదే పేరుతో ఏదో పెడితే, నీ పేరు నమ్మిన డీటీపీ పిల్లగాడు కండ్లు మూసుకొని ఎక్కించుకుంటడు.

ఇగ ఆ ముఖం చూడని మనిషి సంగతి. ఎక్స్‌జెడ్ అని ఫైళ్లను కుదించే ప్రాజెక్టు ఉన్నది, లినక్స్ నడిచే చోటల్లా దాదాపు ఉంటది. దాన్ని చూసుకునే లాసె కొలిన్ అలసిపోయి ఉన్నడు. ఇది నాకు జీతం లేని పని, మనసు కూడ బాగలేదు అని బహిరంగంగనే రాసిండు. అటు జియా టాన్ అన్న పేరుతో ఒకరు 2021 నుంచి ఓపికగ ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపిండ్రు. మధ్యల ఇంకేవో పేర్లు వచ్చి “ఎందుకింత లేటు, ఇంకొకరికి అప్పజెప్పు” అని సతాయించినయి. నీ రాత్రి పదకొండు మెసేజ్‌ల తీరుగనే. నెమ్మదిగ హక్కులు చేతులు మారినయి. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, లాగిన్‌కు అర సెకను ఎక్కువ ఎందుకు పడుతున్నదా అని తవ్వితే, 5.6.0, 5.6.1 వర్షన్లల జియా టాన్ పెట్టిన దొంగ దర్వాజా బయటపడ్డది.

మీ ఆయన దొంగ అంటలేను. మంచోడే కావచ్చు. పొలం కౌలుకిస్తం గని, పాసుబుక్కు కౌలుదారు చేతిల పెడ్తమా? ఆయన్ను ఫోర్క్ చేసుకొని (కోడ్ నకలు తీసుకొని) తన పేరు మీద నడుపుకోమను. ఎంఐటీ లైసెన్స్‌కు నీ అనుమతి కూడ అక్కర్లేదు. ఏడాది బాగ నడిపితే నీ రీడ్‌మీలో (ప్రాజెక్టు పేజీ మీది పరిచయంల) ఆయన లింకు ఇయ్యి. పైపీఐ పాస్‌వర్డ్ మాత్రం నీ దగ్గర్నే ఉండాలె.

ఇప్పుడు పని. ఒక తారీఖు అనుకో, రెండు నెలలు చాలు. రీడ్‌మీల అన్నిటికంటె పైన, తెలుగులోనే రాయి: ఫలానా తారీఖు తర్వాత ఇందులో ఏదీ సరిచెయ్య, ఇష్యూలు చూడ అని. “కొంచెం బిజీ” అని రాయకు, జనం ఆశ పెట్టుకొని కూసుంటరు. 43 ఇష్యూలకు జవాబులు రాస్త కూసోకు. అన్నిటికీ ఒకే మాట పెట్టి మూసెయ్.

ఒక్కటి మాత్రం సరిచేసి పో. ఆ “పైసలు” దొరకకపోవుడు పెద్ద రోగం కాదనుకుంట. యూనికోడ్‌ల ఐత్వాన్ని ఒకే గుర్తుగ రాయొచ్చు, ఎత్వానికి కింద ఇంకో ముక్క తగిలించీ రాయొచ్చు. అను ఫాంట్లల కండ్లకు కనబడే ముక్కలను వరుసగ కొడ్తం గనక, నీ ప్రోగ్రాం రెండు ముక్కలను అట్లనే దించుతున్నట్టుంది. చూస్తే రెండూ ఒక్కతీరే ఉంటయి, వెతికేటప్పుడే తేడా కొడ్తది. బయటికి ఇచ్చే ముందు యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ఎన్ఎఫ్‌సీకి (ముక్కలను ఒకే గుర్తుగ కలిపే రూపానికి) నార్మలైజ్ చెయ్యి. ఒక్క లైను పని. అదే ఆఖరి రిలీజ్.

అంతా అయినంకనే గిట్‌హబ్‌ల ఆర్కైవ్ (ఇగ మార్పులుండవని తాళమేసుడు) నొక్కు. ముందే నొక్కితే రీడ్‌మీ కూడ మార్చరాదు. ఆర్కైవ్ చేసినా కోడ్ కనబడుతది, ఫోర్క్ చేసుకోవచ్చు, మనసు మారితే నువ్వే తిరిగి తెరువొచ్చు. పైపీఐల కూడ 2025 నుంచి ఆర్కైవ్ గుర్తు పెట్టే వీలున్నది. ఫోన్‌ల నోటిఫికేషన్లు మాత్రం తారీఖు దాక ఆగకుండ ఈ రాత్రే బంద్ పెట్టు. పాప లేస్తది.

ప్రశ్న: సార్, నేను వాడే కన్వర్టర్ పేజీ మీద “ఆర్కైవ్” అని పసుపు పట్టీ వచ్చింది. ఇక వాడొద్దా? పెండ్లిళ్ల సీజన్.
– డీటీపీ ఆపరేటర్, మహబూబ్‌నగర్

జవాబు: వాడుకోండమ్మా. నెట్ లేకుండ మీ కంప్యూటర్‌లోనే అక్షరాలు మార్చే పనికి తొందరేం లేదు. తంటా వచ్చేది పైథాన్ కొత్త వర్షన్ ఎక్కించినప్పుడు. అందుకని ఇప్పుడు నడుస్తున్న కన్వర్టర్ ఫైలును, పైథాన్ ఇన్‌స్టాలర్‌ను కలిపి పెన్‌డ్రైవ్‌లో దాచి, రెండింటి వర్షన్ నంబర్లు చీటీ మీద రాసి సీపీయూకు అంటించండి. ఫార్మాట్ కొట్టే పిల్లగానికి ముందుగాల ఆ చీటీ చూపించండి.