కరెంటు పోయి వర్డ్ ఫైల్ సేవ్ కాలేదు. టెంప్ ఫైళ్లు ఎక్కడుంటాయి, ఎలా తెరవాలి?

మహబూబ్‌నగర్‌లో ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ రిపోర్ట్ టైప్ చేస్తుంటే కరెంటు పోయింది, డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేదు, మళ్లీ ఆన్ చేస్తే పొద్దున చేసిన పని మాత్రమే కనిపిస్తోంది, టెంప్ ఫోల్డర్‌లో (ప్రోగ్రాంలు తాత్కాలికంగా రాసుకునే ఫైళ్లు ఉండే చోటు) బోలెడు ఫైళ్లున్నా ఏదీ తెరుచుకోవట్లేదు, ఏ ప్రోగ్రాంతో తెరవాలో తెలియట్లేదు. ఇదే కదా మీరు అడిగింది. నాది నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్ దగ్గర డీటీపీ, జిరాక్స్ షాపు. ఎండాకాలం గాలిదుమారం వచ్చి పోయిందంటే మర్నాడు "అన్నా, ఫైల్ పోయింది" అంటూ ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్ పట్టుకొని వస్తారు. కొందరు ఏకంగా సీపీయూనే బండి మీద పెట్టుకొని వస్తారు.

ముందు ఒక్క మాట. ఫైల్ దొరికేదాకా క్లీనర్ సాఫ్ట్‌వేర్ ఏదీ నడపొద్దు. టెంప్ మొత్తం డిలీట్ చేస్తే కంప్యూటర్ స్పీడ్ అవుతుందని చెప్పే వీడియోలు చూసి ఉన్నది కూడా పోగొట్టుకున్నవాళ్లు నా దగ్గరికి చాలామంది వచ్చారు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్‌లోకి వెళ్లి స్టోరేజ్ సెన్స్ ఆన్‌లో ఉంటే దాన్ని కూడా ఆపేయండి. డిస్క్ నిండుతుంటే అది తనంతట తానే టెంప్ ఫైళ్లు తీసేస్తుంది.

ఇక అసలు విషయం. అందరూ నేరుగా టెంప్ ఫోల్డర్‌లోకి దూకుతారు. నన్నడిగితే అది ఆఖర్న చూడాల్సిన చోటు. వర్డ్ తన కాపీలను వేరే చోట పెట్టుకుంటుంది. ముందు వర్డ్ తెరవండి. ఎడమ పక్కన డాక్యుమెంట్ రికవరీ అని ఒక పట్టీ వస్తే అందులోని ప్రతి కాపీ తెరిచి చూసి, పనికొచ్చేదాన్ని వేరే పేరుతో సేవ్ చేసుకోండి. పని తేలేదాకా ఆ పట్టీ మూయొద్దు. మూసేటప్పుడు ఈ ఫైళ్లు ఉంచాలా, తీసేయాలా అని అడిగితే ఉంచమనే చెప్పండి. తొందరలో తీసేయమని నొక్కారంటే మళ్లీ వెతుకులాటే.

పట్టీ రాకపోతే ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్, రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్. ఒక్కసారి కూడా సేవ్ చేయకుండా మూసేసిన కొత్త ఫైళ్లు అక్కడ ఉంటాయి, అదీ నాలుగు రోజుల వరకే. కాబట్టి "ఆదివారం తీరిగ్గా చూద్దాం" అనుకోవద్దు. మీలాగా మధ్యలో కరెంటు పోయినవాళ్లది మాత్రం ఇంకో చోట ఉంటుంది: సీ డ్రైవ్‌లో యూజర్స్, అందులో మీ పేరు, యాప్‌డేటా, రోమింగ్, మైక్రోసాఫ్ట్, వర్డ్. యాప్‌డేటా దాచి ఉంటుంది కాబట్టి ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకు వెళ్లి హిడెన్ ఐటమ్స్‌కు టిక్ పెట్టండి. పనిలో పనిగా ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కు (పేరు చివర చుక్క తర్వాత ఉండే, ఫైల్ రకం చెప్పే అక్షరాలు) కూడా టిక్ పెట్టండి, తర్వాత పనికొస్తుంది. ఆ ఫోల్డర్‌లో చివర ఏఎస్‌డీ (.asd) అని ఉన్న ఫైలే మీక్కావాల్సింది. దాన్ని డబుల్ క్లిక్ చేస్తే విండోస్ తెల్లమొహం వేస్తుంది. వర్డ్‌లో ఫైల్, ఓపెన్ నుంచి, కింద ఆల్ ఫైల్స్ ఎంచుకొని తెరవాలి.

మామూలుగా వర్డ్ పది నిమిషాలకోసారి ఈ కాపీ తీస్తుంది. అంటే కరెంటు పోయే ముందు చివరి పది నిమిషాల టైపింగ్ మీద ఆశ పెట్టుకోవద్దు, దానికి ముందుది దొరికే అవకాశం బాగానే ఉంది.

అక్కడా దొరక్కపోతేనే టెంప్. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో పర్సంట్ గుర్తు, ఇంగ్లిష్‌లో టెంప్, మళ్లీ పర్సంట్ గుర్తు, ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ చేయండి. అది యాప్‌డేటాలోని లోకల్ కింద ఉండే టెంప్ ఫోల్డర్‌ను తెరుస్తుంది. వ్యూలో డీటెయిల్స్ పెట్టి, డేట్ మాడిఫైడ్ మీద క్లిక్ చేసి, కరెంటు పోయిన సమయానికి దగ్గర్లో ఉన్నవి మాత్రమే చూడండి. సున్నా కేబీవి వదిలేయండి. మీ రిపోర్ట్ ఉన్న ఫోల్డర్‌ను కూడా ఇలాగే చూడాలి. వర్డ్ సేవ్ చేసేటప్పుడు టిల్డే గుర్తుతో (~) మొదలై చివర టీఎంపీ (.tmp) ఉండే ఫైళ్లను అసలు ఫైల్ పక్కనే పెడుతుంది. టిల్డే తర్వాత డాలర్ గుర్తున్న ఒక కేబీ ఫైల్ కనిపిస్తే సంబరపడొద్దు. అందులో ఫైల్ ఎవరు తెరిచారన్న పేరు తప్ప ఏమీ ఉండదు.

దొరికిన ఫైల్‌ను ఉన్నచోట తెరవొద్దు. డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి ఆ కాపీతోనే కుస్తీ పట్టండి. ఏ ప్రోగ్రాంతో తెరవాలో తెలియట్లేదు అన్నారు కదా, దానికి నోట్‌ప్యాడ్ చాలు. అందులో తెరిస్తే పిచ్చి గీతలే కనిపిస్తాయి కానీ మనకు కావాల్సింది మొదటి రెండు మూడు అక్షరాలు. పీ, కే (PK) అని ఉంటే అది డాక్స్ (.docx, అంటే కొత్త వర్డ్ ఫైల్) గానీ, కొత్త ఎక్సెల్ గానీ, మామూలు జిప్ గానీ. పర్సంట్ గుర్తు తర్వాత పీడీఎఫ్ అని ఉంటే పీడీఎఫ్. చూసి, సేవ్ చేయకుండా నోట్‌ప్యాడ్ మూసేసి, పేరు చివర టీఎంపీ తీసి సరైన ఎక్స్‌టెన్షన్ పెడితే మామూలుగా తెరుచుకుంటుంది. ఎంజెడ్ (MZ) అని మొదలైతే అది ప్రోగ్రాం, దాని జోలికి పోవద్దు.

డాక్స్ అని పెట్టినా వర్డ్ ఫైల్ పాడైంది అంటే, ఎక్స్‌టెన్షన్ జిప్ అని మార్చి తెరవండి. లోపల వర్డ్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో డాక్యుమెంట్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో మీ మాటలు, మీడియా ఫోల్డర్‌లో మీరు పెట్టిన ఫొటోలు, బొమ్మలుగా అతికించిన గ్రాఫులు ఉంటాయి. టేబుళ్లు, అలైన్‌మెంట్ మళ్లీ చేసుకోవాలి, అది తప్పదు.

ఇదే పద్ధతి ఎక్సెల్‌కూ పనికొస్తుంది. మిర్యాలగూడ రైస్ మిల్లు గుమాస్తా ఒకాయన వడ్ల లెక్కల ఫైల్ మాయమైందని వచ్చాడు. పెన్‌డ్రైవ్‌లో ఫైల్ లేదు గానీ, అంకెలూ అక్షరాలూ కలిసిన ఎనిమిదక్షరాల పేరుతో, ఎక్స్‌టెన్షన్ లేకుండా ఒక ఫైల్ ఉంది. ఆయన దాన్ని వైరస్ అనుకున్నాడు. ఎక్సెల్ సేవ్ చేసేటప్పుడు ముందు అలాంటి పేరుతో రాసి, తర్వాతే అసలు పేరు పెడుతుంది. మధ్యలో కరెంటు పోతే ఆ పేరే మిగులుతుంది. చివర ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ తగిలించాం, లెక్కలన్నీ ఉన్నాయి.

మీ రిపోర్ట్‌లో తెలుగు ఉంటే ఇంకో చిక్కు. ఒక హైస్కూల్ తెలుగు సారు ప్రశ్నపత్రం అను ఫాంట్లో (డీటీపీ షాపుల్లో వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంటు) పాత డాక్ ఫార్మాట్‌లో చేశారు. టెంప్ కాపీని వర్డ్ ఓపెన్ పెట్టెలో రికవర్ టెక్స్ట్ ఫ్రమ్ ఎనీ ఫైల్ ఎంచుకొని తెరిస్తే, పేజీ నిండా విదేశీ అక్షరాలు, కొమ్ములు, చుక్కలు. సారు నిరాశగా లేచి నిలబడ్డారు. ఆ పద్ధతిలో ఫాంటు, సైజు అన్నీ రాలిపోయి అక్షరాలు మాత్రమే వస్తాయి. మొత్తం సెలెక్ట్ చేసి అను ఫాంటు పెట్టగానే "కింది పద్యానికి ప్రతిపదార్థం రాయండి" అని చక్కగా కనిపించింది. నిర్మలా, గౌతమి లాంటి యూనికోడ్ ఫాంట్లతో టైప్ చేసినవాళ్లకు ఈ గోల ఉండదు.

టైపింగ్ నెట్ సెంటర్‌లో చేసి ఉంటే ఇవన్నీ ఆ కంప్యూటర్‌లోనే వెతకాలి, అదీ రీస్టార్ట్ చేయకముందే. కొన్ని సెంటర్లలో రీస్టార్ట్ కాగానే అంతా మొదటికి తెచ్చే సాఫ్ట్‌వేర్ వేసి ఉంటారు. అది లేని చోట సమస్య తలకిందులు: మీరు ప్రింట్ కోసం తెరిచిన ఆధార్, పట్టా పాస్‌బుక్ కాపీలు డౌన్‌లోడ్స్‌లో, టెంప్‌లో అట్లాగే పడుంటాయి. లేచే ముందు తీసేయమని అడగండి, మొహమాటం వద్దు.

ఫైల్ దొరికాక వర్డ్ ఆప్షన్స్‌లో సేవ్‌కు వెళ్లి పది నిమిషాలను రెండు చేసుకోండి. ఇంత చేసినా తెరుచుకోకపోతే, నోట్‌ప్యాడ్‌లో కనిపించిన మొదటి నాలుగు అక్షరాలు, ఫైల్ సైజు, మీ వర్డ్ ఏ వెర్షనో కింద రాయండి. రాత్రి షాపు కట్టేశాక చూసి చెబుతా.