సినిమాలో దొరికినట్టు కన్నవాళ్ళు నిజంగా దొరుకుతారా? నాకు ఎదురైంది చెబుతాను

మీ ప్రశ్న చదివాను. దత్తత వచ్చిన అమ్మాయి కన్నవాళ్ళను వెతుక్కుంటూ పోయే హిందీ సినిమా చూశారు, మీరూ దత్తత బిడ్డే, ఊరు తిరుపతి, నిజంగా వెతికితే దొరుకుతారా, ఇంట్లో బాధపడతారా అని అడిగారు. నేనూ దత్తత బిడ్డనే, ఊరూ ఇదే, ఈ ఆఫీసుల చుట్టూ తిరిగినదాన్నే కాబట్టి రాస్తున్నా.

దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. అది మీ పట్టుదల కన్నా మీ కాగితాల మీద ఆధారపడి ఉంటుంది. సినిమాలో అయితే ఒక పాత ఫోటో, జ్ఞాపకశక్తి బాగా ఉన్న ఒక నర్సమ్మ, ఒక రైలు ప్రయాణం, ఆఖర్న తలుపు తడితే కన్నతల్లే తీస్తుంది. మధ్యలో ఎవరూ నకలు కాపీకి దరఖాస్తు పెట్టరు. డీఎన్‌ఏ టెస్టు అని ఒకటి పెడతారు, సరే, దేనితో పోలుస్తారు? అవతలివాళ్ళో వాళ్ళ బంధువులో కూడా టెస్టు చేయించుకుని ఉంటేనే కదా దానికి పని.

అందుకే ముందు మీది ఏ రకం దత్తతో తెలుసుకోండి. బంధువుల్లోనో తెలిసినవాళ్ళ ద్వారానో ఇచ్చి రిజిస్ట్రారు ఆఫీసులో దత్తత దస్తావేజు రాయించి ఉంటే వెతికే పనే లేదు, ఇచ్చినవాళ్ళ పేర్లు అందులోనే ఉంటాయి, ఆ ఆఫీసులో నకలు తీసుకుంటే సరిపోతుంది. సంస్థ ద్వారా వచ్చి ఉంటే అందులో రెండు రకాలు. కన్నవాళ్ళు సంతకం పెట్టి అప్పగించిన బిడ్డ ఒకటి, ఎక్కడో వదిలేస్తే దొరికిన బిడ్డ ఇంకొకటి. వదిలేసిన బిడ్డ ఫైల్లో ఎక్కడ, ఎప్పుడు దొరికింది, ఎవరు తెచ్చి అప్పగించారు అన్నంత వరకే ఉంటుంది, తల్లి పేరు ఉండే వీల్లేదు. పైగా మనది తిరుపతి. కొండకు రోజూ అరవై డెబ్బై వేల మంది వచ్చిపోయే చోట బస్టాండులో దొరికిన బిడ్డది ఏ రాష్ట్రమో ఎవరు చెప్పగలరు? ఇది వినడానికి కఠినంగా ఉంటుంది గానీ ముందే తెలిస్తే ఏళ్ళ తరబడి టెన్షన్ ఉండదు.

నాది అప్పగించిన కేసు. నన్ను ఇంటికి తెచ్చుకున్నది 1992లో. అప్పట్లో హిందువులకి 1956 నాటి దత్తత చట్టం కిందే జరిగేది, అలా సంస్థలో ఉన్న బిడ్డను ఇవ్వాలంటే ముందు కోర్టు అనుమతి కావాలి. కాబట్టి కోర్టులో ఒక ఆర్డరు ఉంటుంది, అదే మీకు మొదటి ఆధారం. (ఇప్పుడు దత్తత ఆర్డర్లు ఇచ్చేది కలెక్టరు, 2022 సెప్టెంబరు నుంచి అట్లా మారింది. మీది పాతదైతే కోర్టే.) 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది కదా, అంతకు ముందువన్నీ ఉమ్మడి చిత్తూరు జిల్లావి. ఒక ఆఫీసులో చిత్తూరుకు పో అంటారు, అక్కడికి పోతే మీది తిరుపతి కదమ్మా అంటారు. డెబ్బై కిలోమీటర్లు బస్సులో పోయి ఆ మాట వినాలంటే ఎట్లా ఉంటుందో చూసుకోండి. పోయే ముందు ఓపీ నంబరు (కోర్టులో వేసిన ఒరిజినల్ పిటిషన్ నంబరు), సంవత్సరం రాసి పెట్టుకోండి, అవి లేకుండా రికార్డు రూములో ఎవరూ ఏమీ తీయలేరు. నాకు ఆ నంబరు దొరికింది మా ఇంటి బీరువాలోనే, ఇంటి పత్రాలున్న కవర్లో.

ఇంక ఇంట్లోవాళ్ళ సంగతి. సినిమాలన్నీ పెంచిన తల్లిని మూల కూర్చోబెట్టి ఏడిపిస్తాయి, నాకు అదే నచ్చదు. నేను కడుపుతో ఉన్నప్పుడు డాక్టరమ్మ "మీ అమ్మకు షుగరుందా?" అని అడిగింది. పక్కనున్న మా అమ్మ "ఉంది మేడం, చాన్నాళ్ళ నుంచి" అనేసింది, ఆవిడా రాసేసుకుంది. బయటికొచ్చి ఆటో ఎక్కినాక అమ్మ ఉలిక్కిపడి "పాపా, నాది రాయకూడదు కదా" అంది. ఇద్దరం నవ్వలేక చచ్చాం. మళ్ళీ లోపలికి పోయి కొట్టేయించింది కూడా తనే. ఆ వారంలోనే బీరువా తీసి కవరు నా చేతిలో పెట్టింది. నాయన మాత్రం కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు, అది నిజం, తర్వాత చిత్తూరుకి తోడు వచ్చింది ఆయనే. మీ ఇంట్లో ఇట్లాగే జరుగుతుందని నేను చెప్పలేను. కానీ వాళ్ళకు తెలియకుండా మొదలుపెడితే మొదటి కాగితం దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే కాగితాలన్నీ ఉండేది వాళ్ళ దగ్గరే.

పద్ధతి ఇది. ఢిల్లీలో కారా (CARA) అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, సంస్థల ద్వారా జరిగే దత్తతలు చూసేది అదే. పద్దెనిమిదేళ్ళు నిండితే కన్నవాళ్ళ ఆచూకీ కోసం మీరే వాళ్ళ వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టుకోవచ్చు, నిండకపోతే అమ్మానాన్నలతో కలిసి పెట్టాలి. మీ తరఫున ఇంకొకరు వెతకడానికి నిబంధనలు ఒప్పుకోవు, కాబట్టి "మేం కనుక్కుంటాం, ఇంత ఇవ్వండి" అనేవాళ్ళ జోలికి పోవద్దు. ఫేస్‌బుక్కులో చిన్నప్పటి ఫోటో పెట్టి "ఈమె తల్లి ఎవరో చెప్పండి" అనేది కూడా వద్దు. అవతల ఒక మనిషి ఉంది, ఆవిడకి ఒక ఇల్లు ఉండొచ్చు, ఆ ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియకపోవచ్చు.

నిబంధన కూడా అదే చెబుతుంది. మీ హక్కు ఆవిడ గోప్యతను దాటి పోకూడదు. పేరు చెప్పొద్దని ఆవిడ అప్పట్లో రాసి ఉంటే మళ్ళీ ఆవిడని అడిగి, ఒప్పుకుంటేనే చెబుతారు. ఒప్పుకోకపోయినా, ఆవిడ దొరక్కపోయినా ఏ పరిస్థితుల్లో అప్పగించారో అంతవరకు చెబుతారు. నా విషయంలో ఆవిడ వద్దంది. పరిస్థితులు చదివి వినిపించారు, అవి ఇక్కడ రాయను. ఆరోగ్యం సంగతి అడిగించుకుంటే షుగరు లేదని కబురొచ్చింది, నాకు కావలసింది అదొక్కటే అనుకుని పోయినదాన్ని, ఇంకేదో కూడా కావాలనుకున్నానని ఆ రోజే తెలిసింది. ఆఫీసులో ఎవరో మాటల్లో "పీలేరు వైపు" అన్నారు. మదనపల్లెకు పోయే ప్రతిసారీ బస్సు అక్కడ ఆగుతుంది, నేను దిగి వెతకలేదు, వెతకను కూడా. వద్దన్న మనిషి గుమ్మంలో నిలబడటం సినిమాకు బాగుంటుందేమో.

కోపం వచ్చిందా అంటే వచ్చింది. కొన్నాళ్ళు బాగానే ఉండింది.

ఇప్పటికి ఇంట్లో మాట్లాడి దస్తావేజు ఉందా, కోర్టు ఆర్డరు ఉందా, సంస్థ పేరున్న ఏ చీటీ అయినా ఉందా చూడండి. మీది అప్పగించినదా వదిలేసినదా తేలాక ఇక్కడే రాయండి. కోర్టులో కాపీ అప్లికేషన్ ఎట్లా వేయాలో నాకు తెలిసినంత చెబుతా.