బొమ్మలు, పెయింటింగ్స్ అమ్మే కొట్టు పెడదామని ఉంది, ఎఫ్‌డీ తీసేయొచ్చా?

ఎంవీపీ కాలనీ నుంచి ఒకావిడ రాశారు. వయసు 41, ప్రైవేట్ స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌గా పదమూడేళ్లు చేసి ఈ మధ్యే మానేశారట, ఆయనకి ఉద్యోగం ఉంది, బాబు ఇంటర్ ఫస్టియర్. ఇంటి దగ్గర్లో ఒక బొటిక్ పెట్టి వైజాగ్ ఆర్టిస్టుల పెయింటింగ్స్, ఏటికొప్పాక బొమ్మలు, బుడితి ఇత్తడి, పొందూరు ఖద్దరు స్టోల్స్, ఇలా చేత్తో చేసినవే అమ్మాలని కోరిక. ఎఫ్‌డీ 9 లక్షలు, పీపీఎఫ్‌లో మూడున్నర లక్షలు, 18 తులాల బంగారం ఉన్నాయి. మెయిన్ రోడ్డు మీద షాపు అద్దె 32,000, ఆరు నెలల అడ్వాన్స్, ఇంటీరియర్‌కి మూడున్నర, సరుకుకి నాలుగు లక్షలు అనుకున్నారు. తక్కువైతే బంగారం పెట్టొచ్చా అని ప్రశ్న.

ముందు ఆ బొటిక్ అనే మాట మార్చండి మేడమ్. మన ఊళ్లో ఆ బోర్డు చూస్తే బ్లౌజులు కుడతారా, మగ్గం వర్క్ ఎంత అని అడగడానికే వస్తారు, రోజూ పదిమందికి లేదండీ అని చెప్పడంతోనే సాయంత్రం అయిపోతుంది.

ఇక డబ్బు. మీ లెక్క కూడితే అడ్వాన్సే 1,92,000, మొత్తం 9,42,000 అయింది, అంటే షట్టర్ ఎత్తి బోణీ కొట్టేలోపే ఎఫ్‌డీ అంతా ఖాళీ, పైగా బంగారం మీద అప్పు. రెండో నెల అద్దె ఎక్కడినుంచి వస్తుందో మీ లెటర్లో ఎక్కడా లేదు, నాకు భయం వేసింది అక్కడే.

నెల ఖర్చు చూద్దాం. అద్దె 32,000, ఒక అమ్మాయిని పెట్టుకుంటే 13,000, కరెంటు 5,000, ప్యాకింగ్, నెట్, ఆటో అన్నీ కలిపి ఇంకో 5,000, మొత్తం 55,000. ఆర్టిస్టుల సరుకు కమిషన్ మీద పెట్టి, అంటే ముందు కొనకుండా అమ్ముడయ్యాకే వాళ్ల వాటా ఇచ్చి, మీరు 30 శాతం తీసుకుంటారనుకుందాం, అప్పుడు మీకు ఒక్క రూపాయి మిగలకుండా ఖర్చులు మాత్రం గట్టెక్కాలంటేనే నెలకి 1,83,000 అమ్మాలి. 26 రోజులు తెరిస్తే రోజుకి 7,000 పైన, బిల్లు సగటున 450 అనుకుంటే రోజుకి పదహారు బిల్లులు. లోపలికొచ్చే నలుగురిలో ఒకరు కొంటే రోజుకి 64 మంది మెట్లెక్కాలి. ఆ షాపుకి ఎదురుగా ఒక టీ బడ్డీ ఉండే ఉంటుంది కదా, ఒక శనివారం సాయంత్రం, ఒక మంగళవారం మధ్యాహ్నం అక్కడ కూర్చుని పక్క షాపుల్లోకి ఎంతమంది వెళ్తున్నారో కాగితం మీద గీతలు పెట్టుకోండి. బ్రోకర్ చెప్పే ఫుట్‌ఫాల్ కన్నా ఆ గీతలే నమ్మండి.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది, డిస్కౌంటు. మనవాళ్లు బేరం ఆడకుండా కొనరు, మీరు మొహమాటానికి పది శాతం తగ్గిస్తారు. వెయ్యి రూపాయల పెయింటింగ్ 900కి ఇచ్చారు, ఆర్టిస్టుకి ఇవ్వాల్సిన 700 మాత్రం తగ్గదు, మీకు 300 రావాల్సింది 200 వచ్చింది. కస్టమర్‌కి తగ్గింది పది శాతం, మీకు పోయింది మూడో వంతు. అందరికీ అలా ఇస్తే నెలకి 1,83,000 కాస్తా దాదాపు రెండున్నర లక్షలు అమ్మాలి. కాబట్టి ఫిక్స్‌డ్ రేట్ అని మొదటి రోజే రాసి పెట్టేయండి, నాలుగు రోజులు గొణుక్కుంటారు, తర్వాత అలవాటు పడతారు.

సరుకు మొత్తం కొనేయొద్దు, అలాగని మొత్తం కమిషన్ మీదా పెట్టొద్దు. ఇరవై వేల కాన్వాస్‌ని మీరు కొని గోడకి తగిలిస్తే అది ఏడాది అక్కడే ఉండొచ్చు, అది కమిషన్ మీదే ఉండాలి. కానీ ఏటికొప్పాకలో అంకుడు కర్ర కొనుక్కుని లక్క పూసి బొమ్మ తిప్పే మనిషికి మీ షాపులో బొమ్మ అమ్ముడుపోయేదాకా ఆగు అంటే ఎలా, అతనికి వచ్చే వారం కర్రకి డబ్బు కావాలి. లక్కపిడతలు, బొంగరాలు, కీచెయిన్లు చిన్న మొత్తంలో రొక్కమిచ్చి కొనండి, రేటూ తగ్గుతుంది, 250కి తెచ్చి 450కి అమ్మితే మీకు 44 శాతం దాకా మిగులుతుంది. ఆ బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఆ ఊరి ప్రత్యేకం అనే ముద్ర వచ్చింది, 2023లో అక్కడి బొమ్మల కళాకారుడు సీవీ రాజు గారికి పద్మశ్రీ ఇచ్చారు, ఒక చిన్న కార్డు మీద ఈ రెండు ముక్కలు రాసి పక్కన పెడితే బేరం సగం తగ్గుతుంది. అవి సహజ రంగులు, పడమటెండ పడే అద్దం దగ్గర పెట్టకండి వెలిసిపోతాయి, ఇత్తడి మన ఉప్పుగాలికి ఎలాగూ నల్లబడుతుంది, తోముకోవాల్సిందే.

కమిషన్ సరుకు అమ్మితే వచ్చిన డబ్బు మీది కాదు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. నా దగ్గరికొచ్చిన ఒకావిడ షాపు పద్నాలుగు నెలల్లో మూతపడింది, అమ్మకాలు బాగానే ఉండేవి, కానీ అంతా ఒకే అకౌంట్లో, ఫోన్లో టింగుమని పడ్డ ప్రతి రూపాయీ తనదే అనుకుని అద్దె కట్టేశారు, చివరికి ఆర్టిస్టులకి రెండు లక్షల పైచిలుకు బాకీ, అందరూ తెలిసినవాళ్లే, పెళ్లిళ్లకి వెళ్లడానికి కూడా మొహం చెల్లలేదు. మీరు ఇంకో సేవింగ్స్ అకౌంట్ తెరిచి ప్రతి సోమవారం ఆర్టిస్టుల వాటా అందులోకి తోసేయండి, నెలకోసారి పంచేయండి. సరుకు తీసుకునేటప్పుడే రెండు కాపీల చీటీ రాసుకోండి, వస్తువు, ఆర్టిస్టు రేటు, ఎన్ని రోజులు ఉంచుతారు, పగిలితే ఎవరి నష్టం.

ఇన్సూరెన్స్ తీసేటప్పుడు కూడా ఇదే మెలిక. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరంతా అద్దాలు ఎలా పగిలాయో మీకు నేను చెప్పక్కర్లేదు. భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని చిన్న వ్యాపారాల పాలసీ ఉంది, తుఫాను, వరద కూడా వస్తాయి, కానీ కమిషన్ మీద మీ దగ్గర ఉన్న ఇతరుల సరుకు కూడా కవర్ అవుతుందని పాలసీ కాగితంలో రాయించుకోండి, ఏజెంట్ నోటిమాట చాలదు.

జీఎస్టీ సంగతి, మన రాష్ట్రంలో సరుకు మాత్రమే అమ్మేవాళ్లకి ఏడాదికి 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ మీరు పిల్లలకి పెయింటింగ్ వర్క్‌షాపులు కూడా పెడతానన్నారు, ఆ ఫీజు సర్వీసు కిందకి వస్తుంది, కమిషన్ ఆదాయం కూడా అంతే, అప్పుడు లిమిట్ 20 లక్షలకి దిగిపోతుంది. ఎవరి పేరున బిల్లు వేస్తారన్నదాన్ని బట్టి కూడా మారుతుంది, ఒక గంట సీఏ దగ్గర కూర్చోండి.

నేనైతే ఇలా చేస్తా. 9 లక్షల్లో 4 లక్షలు బాబు ఇంజినీరింగ్ ఫీజుకని పక్కన పెట్టేసి దాన్ని మర్చిపోతా. పీపీఎఫ్ ముట్టుకోను, 7.1 శాతం, ట్యాక్స్ లేకుండా, ఎక్కడొస్తుంది చెప్పండి. బంగారం బీరువాలోనే ఉంటుంది. లోపలి వీధిలో చిన్న షట్టర్, అద్దె 11,000 లోపు, మొదటి ఏడాది మీరే కూర్చోండి, అప్పుడు నెల ఖర్చు 18,000 దాటదు, 60,000 అమ్మితే చాలు, రోజుకి అయిదారు బిల్లులు. ర్యాకులు, లైట్లు లక్షన్నర. ఇంకో లక్ష రొక్కం సరుకుకి. మిగిలిన రెండున్నర లక్షల్లోంచి అడ్వాన్స్ పోగా ఉన్నది అద్దె ఖాతా, బోణీ లేని నెలల కోసం.

అద్దె కట్టేది మాత్రం గోడ మీద పెయింటింగ్ కాదు, రిటర్న్ గిఫ్టులు. గృహప్రవేశం, ఓణీల ఫంక్షన్, సంక్రాంతి బొమ్మల కొలువు, వంద లక్కపిడతల సెట్ల ఆర్డర్ ఒకటి పట్టారంటే ఆ నెల గడిచిపోయినట్టే, సగం అడ్వాన్స్ తీసుకోకుండా మాత్రం ఏటికొప్పాక ఫోన్ చేయొద్దు.

లోన్ కావాలంటే ఏడాది అమ్మకాల పుస్తకం పట్టుకుని ముద్రా కిశోర్ అనే చిన్న వ్యాపారాల లోన్ పథకం కింద బ్యాంకుకి వెళ్లొచ్చు, 5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. ఇప్పుడు వద్దు. షాపు అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందు మీ అపార్ట్‌మెంట్లోనో పక్క అపార్ట్‌మెంట్లోనో పండగ స్టాల్ ఒక టేబుల్ వేసి రెండు రోజులు అమ్మి చూడండి, ఏది పోయింది, ఏది మిగిలింది, ఎంతమంది బేరమాడారు అన్నీ రాసుకుని ఆ కాగితం నాకు పంపండి, అద్దె సంగతి అప్పుడు చూద్దాం.