పూల్ తవ్వే ముందు పక్క తోటవాళ్ళ గుమ్మం ఎక్కు

అమ్ములూ,

నువ్వు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి మన తోటలో కాటేజీలు కడతానంటున్నావని మీ నాన్న నిన్న ఫోన్‌లో చెప్పాడు. రాత్రంతా నిద్ర లేదు నాకు. సంతోషమా, టెన్షనా అంటే రెండూనూ. తోటలమ్ముకుని పోయినవాళ్ళే గానీ తిరిగొచ్చినవాళ్ళని ఈ ఊళ్ళో నేను చూళ్ళేదు. మా పిల్ల వస్తోందని మీ పెద్దమ్మ అప్పుడే వీధంతా చెప్పేసింది, ఆవిడ సంగతి తెలిసిందేగా.

పంచాయతీ అనుమతి, కరెంటు మీటరు, లెక్కలు... ఇవన్నీ నీకు నేను చెప్పేదేముంది. గోదారొడ్డున డిండి రిసార్టులో ఒక రాత్రుండి వాళ్ళెలా నడుపుతున్నారో చూసిరా. పొలం మీద మాత్రం అప్పు తేకు. పులస పెడతామని బోర్డూ రాయించకు, అది గోదారికి ఎర్రనీళ్ళొచ్చిన రెండు మూడు నెలలే, అదీ దొరికితేనే.

కొబ్బరి చెట్ల మధ్య ఊయలల బొమ్మ పంపావు చూడూ, అందులో నాకు ఊయల కంటే ముందు పైనున్న గెల కనపడింది. అంతెత్తు నుంచి కాయ పడితే మనిషి మిగులుతాడా? ఎండుమట్ట పడినా మెడ విరుగుతుంది. రెండు నెలలకోసారి కాయల దింపు తీయించాల్సిందే. దింపు తీసేవాళ్ళు ఇప్పుడు పిలవగానే రావడం లేదు, ఇప్పట్నుంచే ఒకళ్ళని మాట్లాడిపెట్టుకో. ఊయల మామిడిచెట్టుకి కట్టు.

అసలు సంగతి ఆ స్విమ్మింగ్ పూల్. ఈశాన్యం మూల గీశావు. వాస్తుకి మంచిదేలే, నేనూ అక్కడే తవ్వించాను. మీ నాన్న నీకు చెప్పి ఉండడు, నా పరువు పోతుందని.

1993లో రొయ్యంటే బంగారం. ఆ మూల ఎకరంన్నర పల్లం ఒకాయనకి లీజుకిచ్చాను. మోటార్లు పెట్టి ఉప్పుటేరు నీళ్ళు తోడి చెరువు నింపాడు. మొదటి పట్టుబడికి చేతిలో పడ్డ డబ్బుతో స్కూటర్ కొన్నాను, ఇంటికి కొత్త పెంకు వేయించాను, మీ అత్తకి గొలుసు చేయించాను. ఏడాది తిరిగేసరికి పక్క తోట బాబాయి ఒక పొద్దున చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చాడు. బాబాయంటే చుట్టరికం ఏం లేదు, చిన్నప్పట్నుంచీ పిలుపు, అంతే. వాళ్ళ నూతిలో నీళ్ళు. 'తాగరా' అన్నాడు. తాగాను. ఉప్పగా నాలుక్కి తగిలింది. గట్టు కింద నుంచి మా చెరువు ఊట వాళ్ళ నూతికి దిగిపోతోందని నాకు తెలీక కాదు, గట్టవతల తెల్లగా చౌడు పొంగడం అంతకు నెల ముందే చూశాను. అయినా 'బానే ఉన్నాయి కదా బాబాయ్' అన్నాను. ఆయన మారుమాట్లాడలేదు. మిగిలిన నీళ్ళు అరుగు పక్కన పారబోసి, చెంబు బోర్లించి దులుపుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత రొయ్యలకి తెల్లమచ్చ తెగులొచ్చింది. ఒక్క రాత్రిలో చెరువంతా తేలిపోయింది. లీజు ఆయన ఆ మురుగంతా బోదెలోకి వదిలేసి పోయాడు. గట్టు వెంబడి బాబాయి చెట్లు పిందెలు రాల్చేశాయి. 1996 నవంబరు 6 తుఫానుకి వాళ్ళ ఇంటి కప్పు ఎగిరిపోతే పిల్లల్ని తీసుకుని రాత్రి మన మండువాలోకే వచ్చాడు, ఇంకెక్కడికి పోతాడు పాపం. తెల్లారి చూస్తే ఊరు ఊరంతా చెట్లు ఒకే పక్కకి దువ్వినట్టు పడున్నాయి. మీ నాయనమ్మ మంచినీళ్ళిస్తే ఆయన చెంబులోకి ఓసారి చూసి అప్పుడు తాగాడు. ఆ చూపు నాకింకా గుర్తే. ఆ మూల కాలువ నీళ్ళు పెట్టి, పచ్చిరొట్టకి జీలుగ చల్లి కలియదున్ని, మళ్ళీ వరి కళ్ళచూడ్డానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

అందుకని ముందు ఓ పని చెయ్. శ్రావణంలో రా, గట్టి వాన కురిసినప్పుడు పార పట్టుకుని తోటంతా తిరుగు, నీళ్ళు ఏ పక్కకి పోతున్నాయో చూడు. మనది నాలుగడుగులకే నీళ్ళొచ్చే నేల, వానల్లో ఇంకుడుగుంట నీళ్ళు తీసుకోదు, సెప్టిక్ ట్యాంకు పొంగిందంటే పోయేది పక్క తోటలోకే. నువ్వు గీసిన పది కాటేజీలు నాలుగు చెయ్. స్నానాల నీళ్ళు, వంటింటి నీళ్ళు అరటి, మెట్టతామర మళ్ళకి మళ్ళించు. పూల్ ఎందుకు చెప్పు? క్లోరిన్ నీళ్ళు మార్చినప్పుడల్లా ఎక్కడికి వదులుతావు? వేసవిలో కాలువ కట్టేస్తే దాన్ని నింపేదెలా? పెద్ద చెరువుంది మనకి, దానికో రేవు కట్టించు, చుట్టూ కంచె వెయ్యి. వచ్చే పిల్లలకి ఈత రాదు, ఆ భయం నాకెప్పుడూ ఉంటుంది. తిడుతున్నాననుకోకు. నువ్వు నాలుగేళ్ళ పిల్లవప్పుడు ఆ చెరువులో కాలు జారితే జుట్టు పట్టి పైకి లాగింది నేనే.

బాబాయి పోయాడు. ఆయన కొడుకు కువైట్‌లో ఉన్నాడు, కోడలే తోట చూసుకుంటోంది. నీ ప్లాను కాగితం తీసుకుని ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళు, నీళ్ళు ఏ పక్కకి వదులుతావో చూపించు, వద్దంటే మార్చు. ఉత్త చేతుల్తో వెళ్ళకు, మన చక్రకేళి గెల ఒకటి పట్టుకెళ్ళు. నేనూ వస్తాను. గేటు దాకా. ఆవిడ లోపలికి రమ్మంటే అప్పుడు చూద్దాం.

పెదనాన్న