ఫ్రిజ్‌లో ఉన్నదంతా చెప్పు నాయనా

తిరుపతి

నాయనా, పెద్దమ్మ ఆశీస్సులు.

మీరిద్దరూ ఆర్‌వీ, అదే లోపలే స్టవ్వూ మంచమూ ఉండే పెద్ద బండి, బాడుగకు తీసుకుని సియాటిల్ నుంచి కెనడా పోతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో నా ఒళ్లో వాంతులు చేసుకున్న పిల్లోడు అంత పొడుగు బండి నడుపుతాడా అని మురిసిపోయాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. బండి నువ్వు బాగానే తోలుతావు, ఆ నమ్మకం ఉంది. ఆ బండి ఫ్రిజ్‌లో ఏం సర్దుతున్నావో అనేదే నా దిగులు.

పాస్‌పోర్టులు, వీసా, బాడుగ కాగితాలు చేతికి అందేచోట పెట్టుకో. క్యాంపులో మంటకని కట్టెలు వేసుకుపోవద్దు. కట్టెల్లో పురుగు వస్తుందని బార్డరులో ఆపుతారు. ఎక్కడికక్కడే కొనుక్కో.

మేము మీ అన్న దగ్గరికి వచ్చినప్పుడు ఇలాగే ఆర్‌వీలో వాంకూవర్ పోయాం. పోయేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. తిరిగొచ్చేటప్పుడు బార్డరులో పీస్ ఆర్చ్ దగ్గర, ఆ తెల్లటి పెద్ద కమాను ఉంటుందే, అక్కడ ఆఫీసరు "తినే వస్తువులేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. మీ అన్న నోరు తెరిచేలోపే మీ పెదనాన్న ముందుకు వంగి "నథింగ్ సర్" అనేశాడు. అబద్ధమాడే మనిషి కాదని నీకు తెలుసు. ఆయన లెక్కలో అమ్మడానికి తెచ్చేదే సరుకు. స్టవ్వు, సింకు, మంచం ఉన్నాయి కాబట్టి అది ఇల్లు, ఇంట్లో కూరగాయల గురించి ఎవరికైనా చెబుతామా అని తర్వాత నాతోనే వాదించాడు. ఆఫీసరుకు అది ఉత్త బండి. అందులో పోపుల డబ్బా కూడా లెక్కలోకే వస్తుంది.

పక్కకు పెట్టించి లోపలంతా వెతికారు. వాంకూవర్ పక్కనుండే సర్రేలో కొన్న కరివేపాకు కట్ట, నాలుగు ఆరెంజ్ పండ్లు దొరికాయి. కరివేపాకు మీద బతికే ఒక చిన్న పురుగు చీనీ, నిమ్మ జాతి చెట్లకు గ్రీనింగ్ తెగులు అంటిస్తుంది. ఫ్లోరిడాలో 2005లో ఆ తెగులు బయటపడ్డాక ఎన్నో తోటలు పాడైపోయాయి. చీనీ తోటల పక్కన పెరిగినదాన్ని, ఆకు తీసుకున్నారంటే నాకు అర్థమైంది. గొడవంతా పండ్ల దగ్గరే. వాటిని సియాటిల్లోనే కొని, తినక మిగిలితే వెనక్కి తెచ్చాం. "మీ దేశంలో కొన్నవే కదా" అని పెదనాన్న. ఎక్కడ పండిందో చూపించమన్నాడు ఆఫీసరు. పండ్ల మీది స్టిక్కర్లన్నీ పిల్లలు పీకి అద్దానికి అంటించేశారు!

300 డాలర్లు కట్టించుకున్నారు. ఉన్నాయని ముందే చెప్పుంటే అవి తీసిపారేసి పంపించేవాళ్లట. ఆ తర్వాత మీ అన్న ఎప్పుడు దాటినా పక్కకు పిలిచి చూస్తున్నారు. పెదనాన్న సియాటిల్ దాకా నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక తిడదామనే అనుకున్నాను, ఆ ముఖం చూసి కాఫీ పెట్టిచ్చాను.

అందుకే, అలిపిరి చెకింగులో బ్యాగు మనమే తెరిచి పెట్టినట్టు, అడగ్గానే అన్నీ నువ్వే చెప్పు. నిప్పట్లు, పప్పుపొడి, ఊరిబిండి, ఏవీ వదలొద్దు. కెనడావైపు దాచినా 1,300 డాలర్ల దాకా జరిమానా ఉంది. పాలు, గుడ్లు, మాంసం ఎంతవరకు రానిస్తారో బయల్దేరే వారమే బార్డరు వాళ్ల వెబ్‌సైట్లో చూడు, ఆ రూల్సు మారుతుంటాయి. పచ్చి కూరగాయలు ఇక్కడినుంచి మోయడం దేనికి? బార్డరు దాటగానే సర్రేలో మనవాళ్ల కొట్లు బోలెడు. తిరిగొచ్చే ముందురోజు ఫ్రిజ్ ఖాళీ చేసేయండి.

బియ్యం సంగతి మరిచేదాన్ని. ఖాప్రా అనే పురుగు భయంతో మన దేశపు బియ్యాన్ని ప్రయాణికుల చేతిలో 2011 నుంచి అమెరికాలోకి రానివ్వడం లేదు. సోనా మసూరి సంచి అక్కడి కొట్టులోనే కొన్నా, వెనక్కి వచ్చేటప్పుడు టెన్షన్ దేనికి? కాలిఫోర్నియాలో పండినది చిన్న సంచి కొనుక్కో, సంచి పారేయకు. కాస్త ముద్దవుతుంది గానీ పెరుగన్నానికి బాగుంటుంది.

నేను పంపిన లడ్డూ ఇంకా మిగిలుంటే బయల్దేరకముందే తినేయండి. వాళ్లు రానిస్తారేమో, కానీ ప్రసాదం చెత్తబుట్టలో పడుతుందేమోనన్న ఊహే నాకు భరించరానిది.

బండి కదులుతుండగా అమ్మాయిని స్టవ్వు దగ్గరికి పోనివ్వకు. గ్యాసు కట్టేసి, బెల్టు పెట్టుకుని ముందు సీట్లోనే కూర్చోమను. దోసెలు క్యాంపుకు చేరాక పోసుకోవచ్చు. దాటిన వెంటనే మీ అమ్మకు కాదు, ముందు నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ