పిల్లి ఒక కన్ను సగమే తెరుస్తోంది, ఇంట్లో ఉన్న ఐ డ్రాప్స్ వేయొచ్చా?

ప్రశ్న: మా పిల్లికి మూడేళ్లు. నెల కిందట ఇంకో చిన్న పిల్లిని తెచ్చుకున్నాం. నాలుగు రోజుల నుంచి పెద్దది ఎడమ కన్ను సగమే తెరుస్తోంది, నీళ్లు కారుతున్నాయి, పొద్దున్నే చూస్తే పుసులు కట్టి రెప్పలు అంటుకుపోయి ఉంటున్నాయి. ముక్కు వైపు మూల నుంచి తెల్లటి పొర ఒకటి కంటి మీదకి వచ్చింది, శుక్లమేమో అని భయంగా ఉంది. చిన్నది అప్పుడప్పుడు తుమ్ముతోంది కానీ బాగానే ఆడుకుంటోంది. మా బాబుకి కంటి అలర్జీకి రాసిన డ్రాప్స్ ఇంట్లో ఉంటే రెండుసార్లు వేశాను, ఇంకా వేయొచ్చా? పాలు పోయడం వల్లే ఇలా అవుతుందని ఒకరన్నారు, నిజమేనా?

జవాబు: ముందు ఆ డ్రాప్స్ ఆపేయండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. బాటిల్ మీద మందు పేరు ఒకసారి చదవండి. డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్, ఫ్లోరోమెథోలోన్, లోటెప్రెడ్నాల్, వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. కంటి అలర్జీకి మనుషులకి ఇవి రాస్తుంటారు. పిల్లి కంటి నల్లగుడ్డు మీద పుండు ఉన్నప్పుడు స్టెరాయిడ్ పడితే ఆ పుండు మానదు సరికదా ఇంకా లోతుకి పోతుంది, మరీ ముదిరితే కన్నుకి చిల్లు పడే ప్రమాదం కూడా ఉంది. రెండుసార్లే వేశారు కాబట్టి కంగారు పడకండి కానీ వేసిన సంగతి మాత్రం డాక్టర్‌కి దాచకుండా చెప్పండి, వీలైతే బాటిల్ కూడా పట్టుకెళ్లండి.

మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది నీళ్లు కాదు, పుసులూ కాదు, కన్ను సగమే తెరవడం. పిల్లి నొప్పి బయటపెట్టుకునే జంతువు కాదు, తింటుంది, మామూలుగానే తిరుగుతుంది, దాంతో మనం పర్వాలేదనుకుంటాం, కానీ ఒక కన్ను చికిలించి ఉంచుతోందంటే అక్కడ బాగా నొప్పిగా ఉన్నట్టే. నాలుగు రోజులైంది కాబట్టి ఇక ఆగొద్దు, ఇవాళే చూపించండి, మరీ కుదరకపోతే రేపు పొద్దున్నకల్లా.

అక్కడ చేయాల్సిన మొదటి పరీక్ష చాలా చిన్నది. నారింజ రంగు మందు ఉన్న కాగితం ముక్కని తడిపి కంటికి తాకిస్తారు, తర్వాత కడిగేసి నీలం లైట్ వేసి చూస్తారు, పుండు ఉంటే ఆ చోటు మాత్రం ఆకుపచ్చగా మెరుస్తుంది. ఫ్లోరసీన్ టెస్ట్ అంటారు, నిమిషాల్లో అయిపోతుంది. కన్ను చికిలిస్తున్న పిల్లికి ఈ టెస్ట్ చేయకుండా డ్రాప్స్ రాస్తే నేనైతే ఒప్పుకోను, మీరే అడిగి చేయించుకోండి.

ఇక కారణం. ఇంట్లోకి కొత్త పిల్లి రావడం, అది తుమ్మడం, పెద్దదానికి కంటి జబ్బు రావడం, ఈ మూడూ కలిపి చూస్తే నాకు మొదట వచ్చే అనుమానం పిల్లుల హెర్పిస్ వైరస్. ఇది చాలా పిల్లులకి చిన్నప్పుడే సోకుతుంది, తగ్గినట్టే ఉంటుంది కానీ నరాల్లో దాక్కుని జీవితాంతం ఉండిపోతుంది, ఎప్పుడైనా స్ట్రెస్ వస్తే మళ్లీ లేస్తుంది. పిల్లికి స్ట్రెస్ అంటే ఇల్లు మారడం, కొత్త మనుషులు రావడం, అన్నిటికంటే ఎక్కువగా తన చోటులోకి ఇంకో పిల్లి రావడం. అంటే చిన్నది వైరస్ తెచ్చి అంటించి ఉండొచ్చు, లేదా చిన్నదాని రాకతో పెద్దదానిలో ఎప్పటి నుంచో ఉన్నదే బయటపడి ఉండొచ్చు, రెండూ జరిగేవే. టీకా వేయించాం కదా అంటారేమో, టీకా జబ్బు తీవ్రతని తగ్గిస్తుంది కానీ వైరస్ సోకకుండా పూర్తిగా ఆపలేదు. ఈ వైరస్ నల్లగుడ్డు మీద చెట్టు కొమ్మల్లా సన్నటి పుండ్లు చేస్తుంది, అందుకే టెస్ట్ గురించి అంత గట్టిగా చెప్పాను. ఇది మనుషుల హెర్పిస్ కాదు, మీ బాబుకి అంటుకోదు.

రెండో అనుమానం క్లామిడియా అనే బ్యాక్టీరియా. ఇందులో తుమ్ములు తక్కువ, రెప్ప లోపలి పొర మాత్రం గులాబీ రంగులో ఉబ్బిపోతుంది, ముందు ఒక కన్ను, కొన్ని రోజులకి రెండోది. దీనికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ నాలుగు వారాల వరకు వాడాల్సి వస్తుంది, కన్ను తేటపడింది కదా అని మధ్యలో మానేస్తే మళ్లీ వస్తుంది, పైగా ఇంట్లో ఉన్న పిల్లులన్నిటికీ కలిపే వాడాలి. ఆ మాత్ర వేశాక సిరంజితో కాసిని నీళ్లు తాగించడం మాత్రం మర్చిపోవద్దు, గొంతు కింద అన్నవాహికలో ఇరుక్కుంటే అక్కడ పుండు పడి తర్వాత ఆ దారే సన్నబడిపోతుంది. ఇది మనుషులకి అంటడం అరుదే, అయినా కన్ను తుడిచాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

మూడోది మామూలు గోరు దెబ్బ. కొత్తగా వచ్చిన పిల్లితో తగువులాడుకునేటప్పుడు గోరు తగలడం మామూలే, ఒక కంటికే వచ్చింది కాబట్టి దీన్ని కూడా కొట్టిపారేయలేం.

మీరు శుక్లం అనుకున్నది శుక్లం కాదు. పిల్లులకి మూడో రెప్ప ఉంటుంది, ముక్కు వైపు మూలలో దాగి ఉండి కన్ను నొప్పిగా ఉన్నప్పుడు పైకి వస్తుంది, నొప్పి తగ్గితే దానంతట అదే లోపలికి పోతుంది. శుక్లమైతే కంటి పాప లోపల తెల్లగా కనపడుతుంది, ఇలా పక్క నుంచి జరిగి రాదు. ఈ మూడో రెప్ప ఒక్క కంటికే పైకి వస్తే ఆ కంట్లోనే ఏదో ఉందని చూస్తాం, రెండు కళ్లకీ వచ్చి పుసులేమీ లేకపోతే అప్పుడు కడుపు సంగతి, విరేచనాలు, నులిపురుగుల సంగతి చూస్తాం.

పాల మాట కూడా ఇక్కడే చెప్పేస్తా. పాల వల్ల కంటి జబ్బు రాదు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి, అందుకని మానేస్తే మంచిదే కానీ ఈ కంటికీ దానికీ సంబంధం లేదు. తిండి వల్ల నిజంగా కళ్లు పోయేది ఇంకోలా. పిల్లికి టారిన్ అనే పోషకం మాంసం నుంచే అందాలి, ఏళ్ల తరబడి కుక్కల ఫుడ్డో, మాంసం లేని తిండో పెడితే కంటి వెనక రెటీనా దెబ్బతింటుంది, పోయిన చూపు తిరిగి రాదు. అందులో నీళ్లు కారడం, ఎర్రబడటం ఏమీ ఉండవు, అదే దానితో వచ్చిన చిక్కు.

పిల్లికి వయసు పదేళ్లు దాటి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. అప్పుడు బీపీ చూడమంటాను. కిడ్నీ జబ్బు, థైరాయిడ్ ఉన్న ముసలి పిల్లులకి బీపీ పెరిగి రెటీనా ఊడిపోయి రాత్రికి రాత్రే చూపు పోతుంది, పాపలు పెద్దవైపోయి గోడలకి తగులుకుంటూ తిరుగుతుంది. కంటి రంగు మారడం, లోపల మబ్బుగా ఉండటం, కన్ను ఉబ్బి పెద్దదవడం, ఇలాంటివి కనపడితే ఏ వయసైనా అదే రోజు చూపించాల్సిందే. చదునైన ముఖం ఉండే పర్షియన్ లాంటి జాతుల్లో మాత్రం ఏ జబ్బూ లేకుండానే ఎప్పుడూ కాస్త నీరు కారుతుంటుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి పుసుల మీద కాసేపు ఉంచండి, నానాక తుడవండి, ఎండిపోయింది పీకకండి. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వద్దు. పంజాతో రుద్దుకుంటుంటే మెడకి కోన్ (గరాటులా ఉండే పట్టీ) కట్టండి, చిరాకు పడుతుంది, అయినా ఉంచండి. నొప్పి తగ్గుతుందని పారాసెటమాల్ మాత్రం పొరపాటున కూడా వేయకండి, చిన్న ముక్క కూడా పిల్లి ప్రాణం తీస్తుంది. హెర్పిస్ అని తేలాక మనుషుల ఎసైక్లోవిర్ మాత్రలు తెచ్చి వేసేవాళ్లున్నారు, అదీ పిల్లులకి విషమే, డాక్టర్లు వాడేది ఫామ్‌సైక్లోవిర్. హెర్పిస్‌కి ఇచ్చే లైసిన్ అనే పోషకం పొడి గురించి కూడా అడుగుతుంటారు, ఒకప్పుడు బాగా రాసేవారు కానీ ఉపయోగం ఉందని తేలలేదు, డబ్బు దండగ.

చిన్నదాన్ని కూడా తీసుకెళ్లి చూపించండి, కొన్నాళ్లు రెండిటికీ వేరే గది, వేరే గిన్నె, వేరే లిట్టర్ ట్రే పెట్టండి. పైపై పుండు అయితే సాధారణంగా వారంలోపు మానుతుంది. మానకపోతే డ్రాప్స్ మార్చడం కాదు, రెప్ప లోపలికి ముడుచుకుని వెంట్రుకలు గుచ్చుకుంటున్నాయా, నల్లగుడ్డు మీద గోధుమ రంగు మచ్చ కడుతోందా అని మళ్లీ చూడమని అడగండి. కన్ను పూర్తిగా తెరిచినా సరే, ఇంకోసారి ఆ రంగు టెస్ట్ చేయించాకే మందు ఆపండి.