విరేచనాల మందు తాగాక రక్తం ఇస్తే సీఈఏ పెరుగుతుందా?

ప్రశ్న: మా బాపుకు 62 ఏళ్లు. పోయినేడాది పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఈ నెల కొలనోస్కోపీ కోసం రాత్రంతా పౌడర్ కలిపిన నీళ్లు తాగించాం, తెల్లారి హన్మకొండలోనే రక్తం తీశారు. సీఈఏ (క్యాన్సర్ తిరగబెట్టిందా అని కనిపెట్టుకోవడానికి రక్తంలో చూసే ఒక ప్రొటీన్) 4.6 వచ్చింది. నాలుగు నెలల కింద హైదరాబాద్‌లో చేయిస్తే 3.1 ఉండె. కొలనోస్కోపీలో ఏమీ లేదన్నారు. కడుపు కడిగినందుకే పెరిగిందా? ఇంట్లో అందరికీ టెన్షన్.
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: కడుపు కడిగినందుకే అని ఊరుకోకండమ్మా, అలాగని ఇప్పుడే గుండె జారిపోవాల్సిన అంకె కూడా కాదిది.

పేగు లోపలి పొర నుంచి సీఈఏ రోజూ ఊడుతూనే ఉంటుంది, కానీ అది ఎక్కువగా మలంతోనే బయటికి పోతుంది. మీరు తాగించిన పౌడర్ కడిగింది దాన్ని, రక్తంలో ఉన్నదాన్ని కాదు. రక్తంలోది లివర్ మెల్లగా తీసేస్తుంది, సగం తగ్గడానికే కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ఒక్క రాత్రి విరేచనాలతో అది ఇటూ అటూ దూకదు. ఒకటుంది, పదిసార్లు బాత్‌రూంకు తిరిగిన మనిషి ఒంట్లో నీళ్లు తగ్గి రక్తం కాస్త చిక్కబడుతుంది. పదో వంతు చిక్కబడిందనుకున్నా 3.1 కాస్తా 3.4 అవుతుంది, 4.6 కాదు. ఆ పూట తీసిన రక్తంలో నేనైతే ముందు సోడియం, పొటాషియం, కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ చూస్తాను, విరేచనాల మందు దెబ్బ అసలు పడేది వాటి మీదే.

నాకు అనుమానం వేరే చోట ఉంది. హైదరాబాద్‌లో ఒక మిషన్, హన్మకొండలో ఇంకొకటి. కిట్ మారితే అదే మనిషి రక్తానికే సీఈఏ వేరేగా రావచ్చు, అందుకే రెండు ల్యాబుల అంకెలను పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అనకూడదు. బాపు బీడీ తాగుతాడా? మీరు రాయలేదు. పొగ తాగేవాళ్లకు 5 దాకా మామూలే అంటారు, తాగనివాళ్లకు హద్దు ఇంకా తక్కువ. కామెర్లు, లివర్ జబ్బు ఉన్నా పెరుగుతుంది.

రెండు మూడు వారాలాగి, మామూలుగా తిని, నీళ్లు బాగా తాగాక, ఈసారి చేయించిన హన్మకొండ ల్యాబులోనే మళ్లీ చేయించండి, ఇకముందు కూడా అక్కడే. ఈలోగా ఈ రిపోర్టు ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు చూపించండి. కొలనోస్కోపీ పేగు లోపలే చూస్తుంది, ఈ క్యాన్సర్ పాకే అవకాశమున్న లివర్‌ను, ఊపిరితిత్తులను చూడదు. మళ్లీ చేయించినప్పుడు 4.6 కన్నా పెరిగితే ఆయన సీటీ స్కాన్ రాస్తారు, అప్పుడు మాత్రం పండగ అయ్యాక చూద్దామని వాయిదా వేయకండి.